సొంత ప్రోగ్రాం నేయించిన నలభై శాలువాలు

ఈమధ్య కాలేజీ చదువుతున్న ఇద్దరు పిల్లలు మా ఇంటికొచ్చారు. ఏదో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మొదలుపెడుతున్నారట, నేను ఇదివరకు అలాంటిది చేశానని ఎవరో చెప్పారట. చేశానన్నాను. ఎలా సాగిందని అడిగారు. ముందు టీ తాగమన్నాను. అది ఒక టీలో అయిపోయే కథ కాదు, పైగా మొహం మీద చెప్పడానికి కొంచెం సిగ్గు కూడా అడ్డం వచ్చింది. అందుకే రాసి ఇస్తున్నాను. మనుషుల పేర్లు రాయడం లేదు. తప్పుల్లో పెద్ద వాటా నాదే కాబట్టి మిగతావాళ్ళ పేర్లు బయటపెట్టడం న్యాయం కాదు.

ఓపెన్ సోర్స్ అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. ప్రోగ్రాం లోపలి రాతంతా దాచకుండా అందరికీ కనబడేట్టు పెడతారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు, కావలసింది చేర్చొచ్చు. వినడానికి ఎంత బాగుందో చూడండి. నాకూ అలాగే బాగుండేది, అవతలివాళ్ళు నాది దిద్దనంతవరకు.

నేను సూరత్ పక్కనున్న సచిన్‌లో ఒక నేత కంపెనీ డిజైన్ సెక్షన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి సాంచెల మీద పనికి సూరత్ వచ్చినవాడు. పవర్‌లూమ్‌ని మావాళ్ళు సాంచె అంటారు. నేను సాంచె మీదకు పోకుండా డిజైన్ గదిలోకి పోవడానికి కారణం మా మాస్టర్. గళ్ళ కాగితం మీద రంగుతో ఒక్కో గడీ నింపి చీర అంచులూ బుట్టాలూ గీసే రోజుల్లో ఆయన దగ్గర చేరాను. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఆయన నలభై దాటాక మౌస్ పట్టుకోవడం నేర్చుకుంటే, నేను ఇంకో అడుగు వేసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఒక పుస్తకం, ఒక పాత కంప్యూటర్, బోలెడంత గర్వం. ఆ మూడే నా చదువు.

మాస్టర్ నాకంటే ముందు రిటైరై, ఇంటి ముందుగదిలో సొంతంగా డిజైన్ దుకాణం పెట్టుకున్నాడు. మావాళ్ళ చిన్న చిన్న కార్ఖానాలకు డిజైన్లు ఇచ్చేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు. బీకాం చదివి, బ్యాంకు పరీక్షలు రాయమని అందరూ పోరుతుంటే వినకుండా తండ్రి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆయన గీసిన డిజైన్లన్నీ ఒక డిస్కులో ఉన్నాయి. వాటి మీద ఆధారపడే ఆ అమ్మాయి దుకాణం నడపాలనుకుంది.

ఆ డిజైన్లు తెరిచే ప్రోగ్రాం డబ్బు పెట్టి కొన్నది. కంప్యూటర్ వెనక ఒక చిన్న తాళం గుచ్చితే తప్ప పనిచేయదు. దాన్ని మేం లాక్ అనేవాళ్ళం. ఒకరోజు కరెంటు హెచ్చుతగ్గులకు ఆ లాక్ కాలిపోయింది. ఇంకోటి తెప్పిద్దామంటే ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. డిస్కులో ఫైళ్ళు భద్రంగా ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. పాత గళ్ళ కాగితాలు ఒక వానాకాలం నీళ్ళలో నాని ముద్దైపోయాయి. గీసినవాడి ఎదురుగానే గీసినవన్నీ మూసుకుపోయాయి.

మాస్టర్ ఊళ్ళోనే ఖటోదరా పేటలో ఒకరి దగ్గర పనికి కుదిరాడు. ఫోన్‌లో తీసిన వేరేవాళ్ళ చీరల ఫోటోలు చూసి ఉన్నదున్నట్టు దింపే పని. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నాలాంటివాళ్ళ చేత గీత గీయించిన మనిషి, కాపీలు దింపుతున్నాడు. ఆ అమ్మాయి ఏమీ అనేది కాదు గానీ దుకాణం తలుపు సగమే తెరిచేది.

నేను రాసిస్తానన్నాను. ఆ ఫైళ్ళు తెరిచే ప్రోగ్రాం నేనే రాసిస్తాను, అది మన కార్ఖానాలన్నిటికీ ఉచితంగా ఇద్దాం, అందరికీ బాహాటంగా పెడదామన్నాను. అప్పటికి నాకింకా మూడేళ్ళ సర్వీసు ఉంది. భోజనాల సమయంలోనూ ఆదివారాలూ కూర్చున్నాను. నాకు తోడు సూరత్‌లోనే వరాఛా పేట నుంచి వచ్చే గుజరాతీ మెకానిక్ ఒకడు. మొదట్లో వజ్రాలు సానబట్టే యంత్రాలు బాగుచేసేవాడు, తర్వాత సాంచెల మీద ఉండే ఎలక్ట్రానిక్ డబ్బాల పనికి మారాడు. జకార్డ్ అనే ఆ డబ్బాయే ఏ దారం ఎప్పుడు లేవాలో చెబుతుంది.

మొదటి రెండు వారాలు నేనేం చేశానో చెప్తే మీరు నవ్వుతారు. ప్రోగ్రాంకు పేరు పెట్టాను. తెరవగానే కనబడే బొమ్మ గీశాను. తామరపువ్వు, దాని కింద నా పేరు, ఇంకొంచెం కింద చిన్న అక్షరాల్లో మెకానిక్ పేరు. ఆ బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ లోపలి రాత మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం ఇంత పొడుగయ్యేది కాదు.

ఒక్క పని మాత్రం బాగా చేశాను. పాత ఫైళ్ళ లోపల డిజైన్ ఏ వరుసలో దాచారో కనిపెట్టాను. మాస్టర్ దగ్గర కొన్ని డిజైన్ల ప్రింట్లు మిగిలాయి. ఆ ప్రింట్లూ ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని ఆర్నెల్లు తంటాలు పడితే గుట్టు దొరికింది. కానీ నా ప్రోగ్రాం చిన్న డిజైన్లను మోసేది, పెద్దవి తెరవబోతే మొరాయించి ఆగిపోయేది. మాస్టర్ డిజైన్లన్నీ పెద్దవే.

సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి ఒక సంగతి తెచ్చింది. ఇలాంటి ప్రోగ్రాం ఇదివరకే ఒకటుందట. ఎక్కడో చలిదేశంలో ఇంట్లో చేతిమగ్గం పెట్టుకున్న ఒకావిడ మొదలుపెట్టిందట, పది పన్నెండేళ్ళుగా నలుగురైదుగురు కలిసి నడిపిస్తున్నారట.

"కాకా, అది ఫ్రీ, పెద్ద డిజైన్లు భీ ఖుల్తయ్," అంది. "మన ఫైల్ చదివే హిస్సా ఒక్కటే లేదు దాంట్ల. అది నీ దగ్గర ఉంది. వాళ్ళకు ఇచ్చేస్తే బస్, పతీ గయూ."

పెద్ద డిజైన్లు కూడా తెరుచుకుంటాయని, ఇక పని అయిపోయినట్టేనని దాని అర్థం. ఆ పిల్ల మూడు భాషల్లో చెప్పినా నాకు ఒక్క భాషలో కూడా ఎక్కలేదు. వాళ్ళు ఇంట్లో తువ్వాళ్ళు నేసుకునేవాళ్ళు, వాళ్ళకు మన సాంచెల సంగతి ఏం తెలుసన్నాను. ఇంగ్లీషులో రాయాలి, అడిగిందానికల్లా జవాబు చెప్పాలి, అదంతా ఆలస్యమన్నాను. లోపలి మాట వేరు. ఆర్నెల్లు కష్టపడి సంపాదించిన గుట్టు తీసుకెళ్ళి వేరేవాళ్ళింట్లో పెట్టడమేమిటి, తామరపువ్వు ఏమైపోవాలి? ఆ మాట పైకి అనలేదు. ఇంకొక్క ఆర్నెల్లు ఆగమన్నాను. ఆ ఆర్నెల్లు ఏడాదిన్నర అయింది. అంతకాలమూ మాస్టర్ ఖటోదరా వెళ్తూనే ఉన్నాడు.

ఇప్పుడు అసలు రోజు దగ్గరికొస్తున్నాను. మా పిల్లలందరూ చదివిన తెలుగు బడి ఒకటుంది. ఆ బడి వార్షికోత్సవానికి పాత టీచర్లను పిలిచి శాలువాలు కప్పాలనుకున్నారు. శాలువా అంచులో బడి పేరు తెలుగులో నేసి ఉండాలి. మొత్తం నలభై. ఆ ఆర్డరు అమ్మాయికి వచ్చింది, సొంత దుకాణానికి మొదటి పెద్ద పని. డిజైన్ చిన్నదే, నా ప్రోగ్రాం మోయగలదు. నా ప్రోగ్రాంతో తయారుచేసి మొట్టమొదట నేయబోయే గుడ్డ అదే కాబట్టి నేను కంపెనీలో సెలవు పెట్టి మరీ, అది నేసే మావాళ్ళ కార్ఖానాకు వెళ్ళాను.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. ఇలాంటి గుడ్డను సాంచె మీద బోర్లా నేస్తాం. మంచివైపు కిందికి ఉంటుంది, మనకు పైన కనబడేది వెనకవైపు. అలా నేస్తే ప్రతిసారీ తక్కువ దారాలు లేస్తాయి, యంత్రానికి తేలిక. కాబట్టి అక్షరాలు నేస్తుంటే పైనుంచి చూసేవాడికి అవి అద్దంలో కనబడినట్టు తిరగబడి కనబడాలి. అలా కనబడితే కింద సరిగ్గా పడుతున్నట్టు. సాంచెల మధ్య పెరిగినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అనుమానమొస్తే చిన్న అద్దం గుడ్డ కింద పెట్టి చూసుకుంటాం.

నేను నా ప్రోగ్రాంలోనే ఆ తిరగేయడం పెట్టాను, మా కంపెనీలో అలాగే కావాలి కాబట్టి. ఈ కార్ఖానాలో ఉన్నది కొత్త రకం డబ్బా, అది తనంతట తానే తిరగేస్తుంది. మెకానిక్ ఆ ఏర్పాటు వేసే ఉంచాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు. రెండుసార్లు తిరగేస్తే ఏమవుతుందో చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు.

సాంచె మొదలైంది. జానెడు గుడ్డ దిగింది. గుడ్డ పైన, వదులు పోగుల మధ్య ఖాళీల్లో, బడి పేరు చక్కగా, ఎడమనుంచి కుడికి, చదువుకునేట్టు కనబడింది. సాంచె నడిపేవాడు పైకే చదివాడు. మాస్టర్ కళ్ళజోడు సవరించుకుని చదివి నా భుజం తట్టాడు. మెకానిక్‌కు తెలుగు రాదు, అయినా ఫోటో తీసుకున్నాడు. నా కళ్ళు తడిశాయని ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు తిరగబడిన అక్షరాలు చూసి నిశ్చింతగా ఉన్నవాణ్ణి, ఆ రోజు సీదాగా ఉన్న అక్షరాలు చూసి మురిసిపోయాను. ఎవరమూ అద్దం పెట్టలేదు. నా సొంత ప్రోగ్రాం నేసిన గుడ్డ కదా, అద్దమెందుకు?

రెండు రోజులు నేశారు. గుడ్డ చుట్టుకుపోతూనే ఉంది. వార్షికోత్సవం ముందురోజు పొద్దున గుడ్డను సాంచె మీంచి దించి, మొదటి శాలువా కత్తిరించి, అమ్మాయి దాన్ని బల్ల మీద మంచివైపు పైకి పరిచింది. నన్ను పిలిచింది. నేను వెళ్ళి చూశాను. బడి పేరు కుడినుంచి ఎడమకు తిరగబడి ఉంది. నలభై శాలువాలూ అంతే. వెనకవైపు వాడదామంటే అటంతా వదులు పోగులు, చెయ్యి పెడితే వేళ్ళకు చిక్కుకుంటాయి.

మాస్టరే బడికి వెళ్ళి చెప్పుకున్నాడు. వాళ్ళు మంచివాళ్ళు, బజారు నుంచి మామూలు శాలువాలు తెప్పించి పని కానిచ్చారు. ఎవరూ గట్టిగా ఒక్క మాట అనలేదు. మావాళ్ళు ఇప్పటికీ ఆ నలభై శాలువాలూ సాంచెల మీద దుమ్ము పడకుండా కప్పుతున్నారు. నేనెళ్ళినప్పుడు నాకు మర్యాద చేస్తున్నామంటూ ఒకటి దులిపి కుర్చీ మీద వేస్తారు.

బడి నుంచి తిరిగొచ్చి మాస్టర్ నా పక్కన కూర్చున్నాడు. డబ్బా సంగతి ముందే చెప్పలేదని నేను మెకానిక్ మీద విసుక్కుంటున్నాను.

"తమ్మీ, ఆయన్ని ఎందుకంటవ్," అన్నాడు మాస్టర్. "నువ్వు చూసినవ్. నేను చూసిన. సీదా అక్షరాలు చూసి ఇద్దరం ఖుషీ అయినం. సాంచె మీద సీదా కనవడితే ఏమైతదో తెల్వనోళ్ళమా మనం?"

అమ్మాయి శాలువాలు మడతపెట్టి లోపల పెట్టి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కోపంగా ఉంటే బాగుండుననిపించింది. కోపం లేదు.

"కాకా, నాకు నీ ప్రోగ్రాం వద్దు," అంది. "మా బాపు డిజైన్లు కావాలె."

అంత చిన్న మాట నాకు ఏడాదిన్నర పాటు ఎందుకు వినబడలేదో ఇప్పటికీ అర్థం కాదు. నేను పని మొదలుపెట్టిందే దానికోసం. మధ్యలో ఎక్కడో ఆ సంగతి జారిపోయి నా పేరు, నా పువ్వు, నా ప్రోగ్రాం మిగిలాయి. ఆ రోజు నేను బాగా సిగ్గుపడ్డాను.

మర్నాడు ఆ చలిదేశంవాళ్ళ పాత చర్చలు ఇద్దరం కలిసి చదివాం. మూడేళ్ళ కిందటి ఒక ఉత్తరం దగ్గర అమ్మాయి వేలు ఆగింది. ఎవరో నేతగాడు ఒక ప్రార్థనామందిరానికి గుడ్డ నేసి, ప్రోగ్రాం ఒకసారి, మగ్గం ఒకసారి తిరగేయడంతో అక్షరాలన్నీ తిరగబడ్డాయని లబోదిబోమన్నాడు. దాని కింద పదిమంది చర్చించి, రెండుచోట్లా తిరగేస్తే ఎర్రటి హెచ్చరిక వచ్చేట్టు పెట్టారు. నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. నాకు తగిలిన దెబ్బ వాళ్ళకు అప్పటికే తగిలింది, కట్టు కూడా కట్టేశారు. నేను ఆలస్యమని భయపడి పోని ఇంట్లో మందు సిద్ధంగా ఉంది.

పాత ఫైళ్ళు చదివే ముక్క ఇస్తానని ఇంగ్లీషులో రాశాను. నాలుగు వాక్యాలకు రెండు రోజులు పట్టింది. ఆ పెద్దావిడ స్వయంగా జవాబిచ్చింది. చాలా సంతోషమంది, ఆ వెంటనే నా ముక్కను వెనక్కి పంపింది. చిన్న ముక్కలుగా విడగొట్టమంది, పరీక్షించడానికి నాలుగు మాదిరి ఫైళ్ళు జతచేయమంది, ఒకచోట లెక్క తప్పిందని చూపించింది. దిద్ది పంపాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు నాకు మండింది. ముప్పై ఏళ్ళ సర్వీసున్నవాణ్ణి, నాకు ఈవిడ పాఠాలేంటని ఎగిరాను.

"వాళ్ళకు నీ సర్వీస్ దిఖ్తా నై కాకా," అంది అమ్మాయి. "కోడ్ ఒక్కటే కనవడ్తది. తప్పు ఉందా, లేదా?"

తప్పు ఉంది. దిద్దాను. నాలుగోసారి చేర్చుకున్నారు. పెద్ద డిజైన్లు మోయలేక నా ప్రోగ్రాం ఎక్కడ చతికిలబడేదో, అక్కడ వాళ్ళది ఇబ్బంది లేకుండా నడిచింది. ఆ సమస్యను ఎవరో ఎన్నడో తీర్చేశారు. నాకు ఏడాదిన్నర పట్టినా కానిది, అసలు నేను చేయనక్కర్లేని పని. మెకానిక్ కూడా చేరాడు. మన డబ్బాలు ఏవేవి తమంతట తాము తిరగేస్తాయో జాబితా రాసి పంపాడు. మొదటిసారికే చేర్చుకున్నారు, నేను నెల రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

కాబట్టి పిల్లలూ, కొత్తది మొదలుపెట్టొద్దని నేను అనను. ఆవిడ ఒకరోజు ఒంటరిగా మొదలుపెట్టింది కాబట్టే నేను వెళ్ళడానికి ఒక గుమ్మం ఉంది. మీక్కావలసింది నిజంగా ఎక్కడా లేకపోతే మొదలుపెట్టండి, నేనూ వచ్చి చేతనైంది చేస్తాను. కానీ ముందు ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక నెల వాళ్ళ పాత పంచాయితీలన్నీ చదవండి. ఒక చిన్న తప్పు దిద్ది పంపి, వాళ్ళు మిమ్మల్ని ఎలా దిద్దుతారో చూడండి. మూర్ఖులైతే లేచి వచ్చేయండి. మూర్ఖులు కాకపోతే మీ ఏడాదిన్నర మీకు మిగులుతుంది. ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి మొహం మాత్రం రోజూ ఒకసారి చూసి కూర్చోండి. ప్రోగ్రాం పేరు, బొమ్మ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

మేము చేర్చినదానితో ప్రోగ్రాం బయటికొచ్చిన ఆదివారం పొద్దున్నే మాస్టర్ ఇంటికి వెళ్ళాను. అమ్మాయి డిస్కు పెట్టింది. అన్నిటికంటే పాత ఫైలు ముందు తెరవమన్నాడు మాస్టర్. ఒక్క క్షణం ఖాళీ తెర. తర్వాత పై నుంచి వరుస వరుసగా ఒక మామిడిపిందె బుట్టా దిగింది. ఒక్క గడీ కూడా పోలేదు. అమ్మాయి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మాస్టర్ కుర్చీ ముందుకు జరుపుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నాది గాదు బిడ్డా," అన్నాడు.

ఫైళ్ళు తారుమారయ్యాయేమో, నా లెక్క మళ్ళీ తప్పిందేమో అనుకున్నాను. ఆయన వేలితో తెర మీద పిందె చుట్టూ గీశాడు.

"ఈ పిందె షోలాపూర్ల మా ఉస్తాద్ గీసిండు. ఆయనకు వాళ్ళ మామ నేర్పిండట. నేను తోక ఇటు తిప్పిన, లోపల రెండు ఆకులు పెట్టిన. గంతే."

ఇన్నేళ్ళుగా ఆ బుట్టాను మాస్టర్ బుట్టా అనే పిలిచాం. ఆయనలా అంతా సొంతంగా చేయాలనే కదా నేను తామరపువ్వు గీసుకున్నది. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేమని అడిగాను.

"నువ్వెప్పుడు అడిగినవ్?" అన్నాడు.

తర్వాత లేచి తన కుర్చీ కూతురికిచ్చాడు. ఇగ నువ్వేం పెడ్తవో పెట్టు అన్నాడు. ఆమె మౌస్ పట్టుకుని పిందెను పెద్దది చేసి, చిన్నది చేసి, తండ్రి పెట్టిన రెండు ఆకుల దగ్గర చాలాసేపు ఆగింది. ఆయన సలహా ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. చివరికి తోక కొసన ఒక చుక్క పెట్టి, ఉంచమంటారా తీసేయమంటారా అన్నట్టు మా ఇద్దరి వైపూ చూసింది.

"ఉండనీ," అన్నాడు మాస్టర్.